నిలబడితే చల్లన, కదిలితే వేడి

నా పేరు యాదగిరి. సూర్యాపేటలో రేడియేటర్ మిస్త్రీని. షెడ్డు వదిలేశాను కాబట్టి ఇప్పుడు ‘మిస్త్రీగా ఉండేవాణ్ని’ అనాలట, మా ఇంటామె అట్లాగే దిద్దుతుంది. కానీ రోడ్డు మీద లారీ పోతుంటే దాని ముక్కు వైపు చూడకుండా ఉండలేను. కొందరు మొహం చూసి మనిషి సంగతి చెప్తారు, నేను ముందరి ఇనుప జాలి చూసి బండి సంగతి చెప్తాను. మొన్న ఒక పెళ్లిలో కూడా భోజనం వదిలేసి బయట ఆగిన బస్సు ముందు నిలబడ్డానని ఇంట్లో ఇంకా దెప్పుతున్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలని. టంకం పెట్టడం ఎవరైనా నేర్పుతారు. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్లకు ఆ టంకం కూడా అక్కర్లేదు, పాడైతే తీసేసి కొత్తది బిగించడమే. కానీ జరిగే పని మాత్రం మారలేదు. ఇంజను వేడిని నీళ్లు మోసుకొస్తాయి, ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది. నీళ్లు కారితే కనబడతాయి కాబట్టి వాటిని అందరూ పట్టించుకుంటారు. గాలి కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకని నేను రాసేదాంట్లో ఎక్కువ భాగం గాలి గురించే ఉంటుంది.

ఒకటి ముందే చెప్పాలి. నేను పరధ్యానం మనిషిని. చేతిలో పానా ఉంటుంది, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. దీనివల్ల తిట్లు తిన్నాను, వేళ్లు కాల్చుకున్నాను. అయినా నేను నేర్చుకున్న మంచి సంగతులన్నీ అట్లా తిరుగుతున్నప్పుడే దొరికాయి. కాబట్టి ఇది కుదురుగా రాసిన పాఠంలా ఉండదు, ఓపిక పట్టండి.

ఆకాశం కనబడని మూల

నాకు పని నేర్పింది కరీం భాయ్. షెడ్డులో అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. పొద్దున్నే ఎండ రాగానే ఆయన రేడియేటర్ జాలిని రెండు చేతులతో పైకెత్తి సూర్యుడికి అడ్డంగా పట్టుకునేవాడు. నన్ను ఇవతలి నుంచి చూడమనేవాడు. సన్నటి రాగి రెక్కల మధ్య వందల చిన్న కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో ముక్క నీలం. నేను అందులో పడిపోయేవాణ్ని. ఆ కిటికీల వెనకాల ఎవరైనా కాపురం ఉంటే ఎంత బాగుంటుందో అనుకుంటూ నిలబడేవాణ్ని.

“అరే పరాకూ, ఏం కనబడ్తుంది?” అనేవాడు.

“ఆకాశం, ఉస్తాద్.”

“అంతట కనబడ్తుందా?”

“ఆ కింది మూలకు కనబడ్తలేదు.”

“గా మూలకే పని ఉంది. పో, దువ్వెన తీస్కరా.”

రెక్కలు వంగిపోయినచోట గాలి పోదు. వాటిని సన్నటి ఇనుప దువ్వెనతో నిలబెట్టాలి. ఆ పని గంటల తరబడి ఉంటుంది, మిగతావాళ్లకు విసుగు. నాకు మాత్రం ఒక్కో కిటికీ తెరుచుకుంటుంటే ప్రాణం లేచి వచ్చేది. ఉస్తాద్ నా పరాకును తిట్టకుండా దానికి తగిన పని చూపించాడు. మీరు రేపు షెడ్డు పెట్టుకుంటే, పరధ్యానంగా ఉన్నవాణ్ని వెంటనే పనిలోంచి తీసేయకండి. వాడు దేనివైపు చూస్తున్నాడో ఒకసారి అడగండి.

ఆయన చెప్పింది ఇంకొకటి ఉంది. “నీళ్లకు తొవ్వ ఇడువు. గాలికి తొవ్వ ఇడువు. ఇగ నువ్వు పక్కకు జరుగు.” మా పనంతా ఇందులోనే ఉంది. చాలామంది మిస్త్రీలు పక్కకు జరగడం దగ్గరే తప్పిపోతారు.

పసుపు నీళ్లు

కొన్నాళ్లు కోదాడలో ఒక పెద్ద షెడ్డులో చేశాను. అక్కడి ఓనరు మంచి మనిషి. పండగకు బట్టలు పెట్టేవాడు, అన్నం వేళకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఇంజన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కసాయివాడు. ఏ సామాను ఎందుకుందో తెలియకపోతే దాన్ని పీకి పక్కన పెట్టేవాడు. నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. ఎన్ని లారీల్లో దాన్ని పీకించాడో! “అడ్డం ఎందుకండీ, నీళ్లు హాయిగా తిరగనీయండి” అనేవాడు. చలికాలం పొద్దున ఆ లారీలు వేడెక్కక దగ్గుకుంటూ పోయేవి, డీజిల్ మాత్రం కుడితిలా తాగేవి. తెలియని సామాను కనబడితే దాన్ని పెట్టినవాడు మనకంటే తెలివితక్కువవాడని అనుకోవద్దు.

డ్రైవర్లూ తక్కువవాళ్లు కాదు. రేడియేటర్ కారుతుంటే అందులో పసుపు పోస్తారు. కాసేపు చిల్లు పూడుకుంటుంది, అబద్ధం కాదు. తర్వాత ఆ పసుపంతా గొట్టాల్లో గట్టిపడి కూర్చుంటుంది. ఒకసారి ఒక లారీ కింద పచ్చటి నీళ్లు ధార కట్టి వస్తే, “ఏందన్నా, పెండ్లికొడుకును చేసినవా దీన్ని?” అని అడిగాను. అతను సిగ్గుపడి, దుకాణంలో ఉన్న పసుపంతా పోశానని ఒప్పుకున్నాడు. దాని గొట్టాలు శుభ్రం చేసేసరికి నా చేతులు కూడా పచ్చబడ్డాయి. ఇంటికి పోతే మా ఇంటామె ఎవరి పెళ్లికి పోయొచ్చావని అడిగింది.

ఇవన్నీ నీళ్ల కథలు. గాలి కథ ఒకటే ఉంది నా దగ్గర, అది షెడ్డు వదిలేశాక జరిగింది.

ముక్కు లారీ

మిర్యాలగూడలో విశ్వనాథం సేటుకు రైస్ మిల్లు ఉంది. వాళ్ల నాయన మిల్లు పెట్టిన కొత్తలో కొన్న పాతకాలపు ముక్కు లారీ ఒకటి ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ముక్కు లారీ అంటే ఇంజను డ్రైవరుకు ముందర, పొడుగాటి బానెట్ కింద ఉండేది. ఈ కాలం పిల్లలు బొమ్మల్లో తప్ప చూసి ఉండరు. ఎండలు ముదురుతున్న రోజుల్లో సేటు నాకు ఫోన్ చేశాడు.

“మిస్త్రీ, చేతులు ఇంకా ఆడుతున్నయా?”

“ఆడుతున్నయి సేటు, చాయ్ గ్లాసు పట్టుకునేకాడికి.”

“అయితే రా. ముక్కు లారీ ఇంజను జాం అయింది. మిల్లుల పాత జనరేటర్ ఇంజను ఊకె పడి ఉండె, గదాన్ని మన సైదులు ఎక్కించిండు. నడుస్తుంది గని రేడియేటర్ నువ్వొచ్చి సూడాలె.”

సేటు సంగతి నాకు తెలుసు. ఊక కూడా పారబోయని ఇల్లు అది. మూలన పడిన ఇంజనుతో మూలన పడిన లారీని నడిపించాలన్న ఆలోచన ఆయనకే రావాలి. నవ్వుకుంటూ బస్సెక్కాను.

మిల్లు దగ్గర నన్ను ముందుగా కలిసింది లచ్చిరాం. ఆ లారీకి మొదటినుంచీ డ్రైవరు. మునగాల పక్కన తండా మనిషి. మనతో తెలుగులో మాట్లాడతాడు, లారీతో మాత్రం తండా మాటలోనే మాట్లాడతాడు. ఆ మాటలు నాకు అర్థం కావు కానీ, స్టీరింగ్ మీద అరచేయి వేసి అంటుంటే ఏమంటున్నాడో తెలిసిపోతుంది. నా కంటే పెద్దవాడు. ఆ రోజు మొహం వాడిపోయి ఉంది.

“దాబాకు అమ్ముతరట, మిస్త్రీ” అన్నాడు.

“ఏ దాబాకు?”

“మునగాల కాడ, హైవే మీద. సేటు కొడుకు మాట్లాడిండు. ఇంజను పీకేసి, రంగులేసి, లైట్లు పెట్టి గద్దె మీద నిలబెడ్తరట. అచ్చెటోళ్లు పొయ్యెటోళ్లు ఎక్కి ఫోటోలు దిగుతరట.” బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు, “మనిషి సస్తే దహనం చేస్తరు గద. దీన్ని గట్ల నిలబెట్టి సూపెడ్తరా?”

సేటు కొడుకును తప్పుపట్టడానికీ లేదు. మిల్లులోకి కొత్త మిషన్లు వస్తున్నాయి, షెడ్డులో చోటు కావాలి, నడవని లారీని ఎన్నాళ్లు పెట్టుకుంటాడు? తండ్రీ కొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. బండి తన పాత దారిలో, అంటే మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయి, అక్కడ హైవే ఎక్కి మునగాల దాటి సూర్యాపేట చేరాలి. ఇంకో బండికి తాడు కట్టి లాగించుకోకూడదు. చేరితే బండి మిల్లులో ఉంటుంది, చేరకపోతే దాబాకు పోతుంది.

మొదటి ప్రయాణం

రేడియేటర్ విప్పాను. పాత రాగిది, పని తెలిసిన చేతులు చేసింది. రెండు ట్యాంకులూ ఊడదీసి గొట్టాల్లోంచి సున్నపు పెచ్చులన్నీ రాల్చి, రెక్కలు దువ్వి, మళ్లీ అతికాను. మిల్లు గోడ దగ్గర ఎండకు అడ్డంగా పట్టుకుని చూస్తే అంతటా ఆకాశం కనబడింది. మనసు నిండిపోయింది.

ఇంజను ఎక్కించిన సైదులు ఆ మిల్లు ఫిట్టరు. మంచి పనివాడు, ఇంజను కాళ్లు సరిగ్గా కూర్చోబెట్టాడు. ఇద్దరం రేడియేటర్ బిగించి, నీళ్లు పోసి, స్టార్ట్ చేశాం. పొద్దంతా అక్కడే నిలబెట్టి నడిపాం. వేడి చూపే ముల్లు సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎంత రేసు ఇచ్చినా కదల్లేదు. మిల్లువాళ్లంతా వచ్చి చూశారు. నేను కూడా కాస్త కాలరు సర్దుకున్నాను.

మరునాడు లచ్చిరాం, నేను బయల్దేరాం. ఊరు దాటి బండి వేగం అందుకోగానే ముల్లు లేవడం మొదలుపెట్టింది. భయపడి పక్కకు ఆపాం. ఇంజను ఆపకముందే, బానెట్ ఎత్తకముందే, ముల్లు దానంతటదే దిగిపోయింది. మళ్లీ కదిలాం. మళ్లీ లేచింది. ఆగితే దిగింది. హుజూర్‌నగర్ దాకా అదే వరస, కోదాడ దాకా అదే వరస. ఆగిన ప్రతిసారీ నేనొక కొత్త కారణం చెప్పాను. బెల్టు జారుతుందేమో, వాల్వు ఇరుక్కుంటుందేమో, ముల్లే అబద్ధం చెప్తుందేమో అని. లచ్చిరాం రోడ్డు చూడటం మానేసి ముల్లునే చూస్తూ నడిపాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

ఎప్పుడూ నిలబడితే వేడెక్కి, పరుగెడితే గాలి తగిలి చల్లబడే బండ్లనే చూశాను. ఇది తలకిందులు. నిలబడితే చల్లన, కదిలితే వేడి. దాబా గద్దె మీదికి పోవడానికి ఇదే ముచ్చటపడుతున్నట్టుందని కూడా అనిపించింది. ఆ మాట లచ్చిరాంతో అనలేదు.

మునగాల దగ్గర నీళ్లు పొంగాయి. ఆవిరి బానెట్ రెండు పక్కలనుంచి బుస్సుమని లేచింది. ఎక్కడ ఆగామో చూస్తే సరిగ్గా ఆ దాబా ముందు. దాబా ఓనరు శ్రీను బకెట్‌తో ఎదురొచ్చాడు. కోదాడ అవతలి మనిషి, మాట మెత్తన.

“రండి మిస్త్రీ గారూ, కూర్చోండి. మీ బండికి మా చోటు నచ్చినట్టుందండీ, చూశారా ఎక్కడ ఆగిందో!”

లచ్చిరాం మొహం తిప్పుకున్నాడు. అది చూసి శ్రీను నవ్వు ఆపేశాడు.

“పెద్దాయనా, నేనేం పాడు చెయ్యనండి. రోజూ కడిగిస్తాను. మా నాన్న కూడా లారీ క్లీనరేనండి. అందుకే ముచ్చటపడ్డాను.”

ఆ మాటతో అతని మీద కోపం కూడా పెట్టుకోలేకపోయాం. పక్కనే కొత్తగా కట్టిన గద్దె ఉంది, టైల్స్ కూడా వేశారు. సూర్యాపేట సంగతి వదిలేసి వెనక్కి తిప్పాం. కొంచెం నడిచి కొంచెం ఆగి, పొద్దు వాలేసరికి మిల్లుకు చేరాం. సేటు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“తాడు కట్టిండ్రా?”

“కట్టలే, సేటు” అన్నాడు లచ్చిరాం.

సేటు వెనక్కి చూసి కొడుకు లేడని రూఢి చేసుకున్నాడు. “అయితే ఇంకోసారి పొండ్రి. గని గిదే ఆఖరుసారి, నా మాట కూడా ఇగ చెల్లది” అన్నాడు.

అగరువత్తి పొగ

ఆ రాత్రి మిల్లులోనే పడుకుని పొద్దున్నే లేచాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మేం చేసింది అదే, కానీ అప్పటికి తెలియదు. చాయ్ గ్లాసు పట్టుకుని లారీ ఎదురుగా బస్తాల మీద కూర్చున్నాను. మిల్లు ఇంకా మొదలు కాలేదు. ఊక కుప్పల మీద లేత ఎండ పడుతోంది. ఎక్కడా గాలి లేదు, వేపాకు కూడా కదలడం లేదు. అట్లాంటి పొద్దుల్లో నా మనసు దానంతటదే ఎటో జారిపోతుంది.

లచ్చిరాం లారీ కడిగాడు. బ్యాటరీ మీద నమ్మకం లేక ముందే స్టార్ట్ చేసి పెట్టాడు. ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు అగరువత్తులు వెలిగించి ముందరి జాలిలో గుచ్చాడు. ఇది ఆయన రోజూ చేసే పనే, ఆ లారీ ఉన్నన్నాళ్లూ చేశాడు. చేతులు జోడించి తన మాటలో ఏదో అన్నాడు. ఆ రోజు ఆ మాటలు కొంచెం ఎక్కువసేపు నడిచాయి.

నేను కళ్లు సగం మూసుకుని ఆ వాసన పీల్చుకుంటున్నాను. చిన్నప్పటి ఏదో గుడి, ఏదో ఉదయం మనసులో మెదులుతున్నాయి. పొగ మెల్లగా నా దగ్గరికి వచ్చి మొహం మీదుగా పోతోంది. దేవుడి పొగ నన్ను వెతుక్కుంటూ వస్తోంది, ఎంత అదృష్టమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోసారి అనుకున్నాను, నా దగ్గరికి ఎందుకొస్తోంది అని.

గాలి లేదు కదా. చాయ్ ఆవిరి నిట్టనిలువుగా పోతోంది. లారీ ఫ్యాను ముందరి గాలిని లోపలికి గుంజుకుంటుంది, కాబట్టి అగరువత్తి పొగ జాలిలోకి పోవాలి. ఇది బయటికి వస్తోంది. గ్లాసు కింద పెట్టి లేచి జాలి ముందు అరచేయి పెట్టాను. వెచ్చటి గాలి చేతికి కొట్టింది. నిన్నా మొన్నా కూడా ఆ వెచ్చన నా మొహానికి తగిలింది. ఎండాకాలం కదా అని దాన్ని ఎండ మీదికే తోశాను.

“సైదులూ!” అని అరిచాను. “ఫ్యాను బయటికి ఊదుతుంది!”

సైదులు పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చాడు. “బయటికి ఊదకుంటే ఇంకెట్ల ఊదుతది? లోపలికి గుంజితే ఊకంత వచ్చి జాలి నిండదా?” అన్నాడు.

ఆ మాట విన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మిల్లులో జనరేటర్ కదలదు, చుట్టూ ఊక, దుమ్ము. దాని ఫ్యాను ఎప్పుడూ బయటికే ఊదాలి. సైదులు పుట్టి బుద్ధెరిగి చూసిన ఫ్యాన్లన్నీ అట్లాంటివే. లారీ ముందుకు పోతుంది, ఎదురుగాలి జాలిలోకి వస్తుంది, దాని ఫ్యాను ఎప్పుడూ లోపలికే గుంజాలి. నేను చూసిన ఫ్యాన్లన్నీ అట్లాంటివే. ఇంజనుతో పాటు వచ్చిన ఫ్యానును అతను చూసి సరిగ్గానే ఉందనుకున్నాడు, నేను చూడకుండానే సరిగ్గా ఉందనుకున్నాను. లారీ నిలబడితే ఆ ఫ్యాను చక్కగా పనిచేసేది. వేగం అందుకోగానే ముందునుంచి ఎదురుగాలి, వెనకనుంచి ఫ్యాను గాలి, రెండూ జాలి మధ్యలో ఢీకొని ఆగిపోయేవి. నీళ్లు పాపం వేడి మోసుకొచ్చి ఎవరికి ఇవ్వాలో తెలియక తిరిగిపోయేవి.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. లచ్చిరాం నవ్వలేదు. “అయితే బండి మంచిగనే ఉందా?” అని అడిగాడు.

“నీ బండికి ఏం కాలేదు లచ్చన్నా. మేమే దానికి ఊపిరి ఆడనిస్తలేం.”

ఆయన జాలి మీద నుదురు ఆనించి నిలబడ్డాడు.

తిప్పి బిగిస్తే మారదు

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. సైదులు వెంటనే, “గంతే గద, ఫ్యాను ఇప్పి తిప్పి బిగిద్దాం” అన్నాడు. చాలామంది ఇట్లాగే అనుకుంటారు. ఫ్యానును తిప్పి బిగించినా గాలి అటే పోతుంది, కాకపోతే నీరసంగా పోతుంది. ఒక నట్టును తలకిందులు చేసి బోల్టుకు పెట్టి చూడండి, అప్పుడూ కుడివైపు తిప్పితేనే బిగుస్తుంది. రెక్క వంపు కూడా అట్లాగే. గాలి దిక్కు మారాలంటే ఫ్యానునే మార్చాలి.

మా అదృష్టం ఏమిటంటే, సేటు ఏదీ పారబోయడు. లారీ పాత ఇంజను, దాని ఫ్యానుతో సహా, షెడ్డు వెనకాల గోనెపట్టా కింద ఉంది. ఆ ఫ్యాను రంధ్రాలు కొత్త ఇంజనుకు కలవలేదు. ఇంజను పొట్టిది కావడంతో ఫ్యాను జాలికి దూరంగా కూడా పడుతుంది. దూరంగా తిరిగే ఫ్యాను ఇంజను చుట్టూ ఉన్న గాలినే కలుపుతుంది తప్ప జాలిలోంచి గుంజదు. సైదులు లేతు మీద ఒక ఇనుప దిమ్మె తిప్పి, రంధ్రాలు వేసి, ఫ్యానును ముందుకు తెచ్చాడు. అంత నున్నటి పని నేను చాలా రోజుల తర్వాత చూశాను. నేను రేకు కత్తిరించి ఫ్యాను చుట్టూ గుండ్రటి కవచం కట్టాను, పక్కలనుంచి దొంగగాలి రాకుండా. రెక్కల అంచులు సగం ఆ కవచంలో, సగం బయట ఉండాలి. పిడికిలి పట్టేంత సందు పెట్టి కట్టేవాళ్లున్నారు, అది పనికిరాదు. వేలు పట్టేంత చాలు.

స్టార్ట్ చేశాక ఒక కాగితం ముక్కను జాలి దగ్గర వదిలాను. అది టక్కున అతుక్కుని అక్కడే నిలబడింది. ఫ్యాను బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. నేను పనిలో ఉన్నన్నాళ్లూ చేయలేదు, అవసరం పడుతుందని అనుకోలేదు.

రెండో ప్రయాణం

మరునాడు పొద్దున మళ్లీ బయల్దేరాం. మిర్యాలగూడ దాటాం. లచ్చిరాం కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు సగంలో ఆగి ఉంది. అయినా ఆయనకు నమ్మకం కుదరడం లేదు. ఎదురుగా బస్సు వస్తే కూడా ముల్లునే చూస్తున్నాడు. ఇట్లా అయితే బండి చల్లగా ఉండి మనమే పైకి పోతామని, నా తువ్వాల తీసి ఆ మీటరు మీద కప్పాను.

“అరే, గదేంది మిస్త్రీ!”

“నేను ముక్కుతో చూస్తా. వేడెక్కితే నాకు వాసన వస్తది. నువ్వు రోడ్డు సూడు.”

కొంచెం దూరం గొణిగాడు. తర్వాత మెల్లగా భుజాలు దిగాయి. హుజూర్‌నగర్ దాటాక కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. కోసిన వరి మళ్లు, వాటి మధ్య గడ్డి కట్టలు, కాలువ గట్టు మీద తెల్లటి కొంగలు. కోదాడలో హైవే ఎక్కేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. దూరంగా రోడ్డంతా నీళ్లు పరిచినట్టు మెరుస్తోంది. దగ్గరికి పోతుంటే ఆ నీళ్లు ఇంకా ముందుకు జరుగుతున్నాయి. ఆ పొడుగాటి ముక్కు వాటి వెంట పోతూనే ఉంది. నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. ఇంజను చప్పుడు కింద ఫ్యాను గాలి సన్నగా ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతోంది. ఇట్లాగే ఎక్కడా దిగకుండా పోతుంటే బాగుండుననిపించింది.

లచ్చిరాం తండా పాట ఒకటి అందుకున్నాడు. గొంతు బాగాలేదు, అయినా ఆపమనాలనిపించలేదు.

మునగాల వచ్చింది. దాబా ముందు శ్రీను రోడ్డుకు దగ్గరగా నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి బకెట్ కోసం లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. లచ్చిరాం పొడుగ్గా హారన్ కొట్టాడు. శ్రీను ఒక క్షణం దిగాలుగా చూసి, తర్వాత చెయ్యెత్తి ఊపాడు. పాపం, గద్దె ఖాళీగా ఉండిపోయింది. అతని కోసం కూడా నాకు కొంచెం బాధ వేసింది, ఉన్నదే చెప్తున్నాను.

సూర్యాపేట మార్కెట్ దగ్గర ఆపాం. తువ్వాల తీసి చూస్తే ముల్లు సగంలోనే ఉంది. లచ్చిరాం సేటుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి నా ముందు పట్టుకున్నాడు.

“యాడున్నరు?” అన్నాడు సేటు.

“సూర్యాపేట మార్కెట్ కాడ” అన్నాను.

“ఎన్నిసార్లు ఆగింది?”

“ఆగలే, సేటు.”

మెచ్చుకుంటాడేమో అని నేను ఎదురుచూస్తున్నాను.

“అయితే గాడ ఊకె ఎందుకు నిలబడ్డరు?” అన్నాడు సేటు. “మార్కెట్ల మనోళ్లు వడ్లు కొన్నరు, కిరాయి లారీ కోసం సూస్తున్నరు. కిరాయి లారీ వద్దని ఆళ్లకు చెప్తున్న. మన బండిల ఏసుకరా. ఖాళీగ వస్తవా ఏంది, డీజిల్ దండుగ!”

ఫోన్ పెట్టేశాడు. లచ్చిరాం నావైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

“తిట్టిండు, మిస్త్రీ” అన్నాడు. “ఖాళీగ వస్తవా అని తిట్టిండు.”

జాలిపడి ఉంచుకున్న బండిని ఎవరూ అట్లా తిట్టరు. కానీ ఖాళీ బండి చల్లగా ఉండటం ఒకటి, బరువుతో ఉండటం ఒకటి. ఇంకో రెండు రోజులు చూద్దాం, కొంచెం కొంచెం పెంచుదాం అని చెప్పబోయాను. లచ్చిరాం అప్పటికే లారీని వెనక్కి తిప్పి కాంటా పక్కన పెట్టాడు. హమాలీలు వీపుల మీద బస్తాలు మోసుకొచ్చి వేస్తున్నారు. బస్తా పడ్డప్పుడల్లా బరువు మోసే వెనక కమాన్లు కిర్రుమంటూ కొంచెం కిందికి కుంగుతున్నాయి. ఆయన పక్కన నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు.

లోడు నిండింది. తాళ్లు బిగించారు. నేను ముందుకు పోయి జాలి మీద చెయ్యి పెట్టి, గాలి లోపలికి పోతుందో లేదో మళ్లీ చూస్తున్నాను. పైనుంచి హారన్ మోగింది.

“ఎక్కు మిస్త్రీ! లోడ్ బండిని నిలబెట్టొద్దు!”